రెండో ఛానెల్‌లో తెలుగు

నేను హామిల్టన్‌కు చదువుకోవడానికి వచ్చిన రోజుల్లో ఆ ఊరి బస్సుల్లో తెలుగు వినిపించని పూట ఉండేది కాదు. కాలేజీ బస్సులో వెనక సీట్లన్నీ మనవాళ్ళవే. ఒకరిది వరంగల్, ఒకరిది ఏలూరు, ఒకరిది మదనపల్లె. యాసలు వేరైనా అడిగే ప్రశ్న ఒకటే, "పార్ట్‌టైమ్ ఏమన్నా దొరికిందా?" ఒక కాఫీ షాపులో మనుషులు కావాలని బోర్డు పెడితే, రెజ్యూమేలు పట్టుకున్న పిల్లల వరుస షాపు దాటి పార్కింగ్ చివరిదాకా వెళ్ళింది. అందులో నేనూ నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి బోర్డు తీసేశారు.

అప్పటికే నేను కర్నూలులో ఫిజియోథెరపీ చదివి, ప్రొద్దుటూరులో ఒక ఎముకల ఆస్పత్రిలో కొంతకాలం పనిచేసి ఉన్నాను. ఆ చదువు కెనడాలో చెల్లాలంటే ఇక్కడి పరీక్షలు పాసవ్వాలి. అవి రాసే ధైర్యం అప్పుడు లేదు. ఆస్పత్రుల నిర్వహణ మీద ఒక డిప్లొమాలో చేరి, మరో ఇద్దరు అమ్మాయిలతో కలిసి ఒక బేస్‌మెంట్‌లో ఉంటూ, కనిపించిన ప్రతి పనికీ అప్లై చేస్తూ పోయాను. అలా అప్లై చేసినవాటిలో ఊరి అవతల ఉన్న ఒక చిన్న స్కీ కొండలో టికెట్ కౌంటర్ ఉద్యోగం ఒకటి. హామిల్టన్ వాళ్ళు ఊరి వెనక లేచే రాతిగట్టును 'మౌంటెన్' అని గౌరవంగా పిలుస్తారు. అహోబిలం ఎక్కి దిగినదాన్ని, నాకు మొదట నవ్వొచ్చింది. ఆ గట్టు మీద మంచు పడితే ఎలా ఉంటుందో అప్పటికి నాకు తెలియదు.

ఇంటర్వ్యూ చేసినామెకు అరవై దాటి ఉంటాయి. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, ఎర్ర జాకెట్, దాని వీపు మీద తెల్లటి ప్లస్ గుర్తు. ఆ కొండ మీద స్కీ పెట్రోల్‌కు, అంటే గస్తీ దళానికి, ఆమె లీడర్. మంచులో జారుతూ పడి దెబ్బలు తగిలినవాళ్ళకు అక్కడికక్కడే ప్రథమ చికిత్స చేసి, స్లెడ్జి అనే మంచుబండి మీద పడుకోబెట్టి కిందికి తెచ్చేది పెట్రోల్ వాళ్ళే. ఎక్కువమంది వాలంటీర్లు. ఆమె ఉద్యోగజీవితమంతా ఐసీయూలో నర్సుగా చేసి రిటైరైంది. నా రెజ్యూమే చదివి కళ్ళద్దాలు పైకి నెట్టింది.

"ఎముకల ఆస్పత్రిలో చేశావా? మరి టికెట్లు అమ్ముతానంటావేం? మా బేస్‌లో రేడియో దగ్గర కూర్చునే మనిషి కావాలి నాకు. కూర్చుంటావా?"

"నాకు స్కీయింగ్ రాదు మేడమ్."

"కుర్చీలో కూర్చోవడం వస్తే చాలు. ఇంకోటి, ఇక్కడ మేడమ్‌లూ సర్‌లూ లేరు."

బేస్ అంటే కొండ కింద ఉన్న చెక్కగది. కిటికీలోంచి కొండలో సగం కనిపిస్తుంది. గోడ మీద కొండ పటం, బల్ల మీద ఒక పెద్ద రేడియో, పక్కనే రెండు ఫోన్లు. కొండ మీద ఉన్న ప్రతి పెట్రోలర్ ఛాతీ మీదా ఒక చిన్న వాకీటాకీ ఉంటుంది. ఎవరైనా పడ్డారని తెలిస్తే దగ్గర్లో ఉన్నవాళ్ళను అక్కడికి పంపడం, స్లెడ్జి కావాలంటే తెప్పించడం, అంబులెన్సుకు ఫోన్ చేయడం నా పని. మాట్లాడటమే కదా, అదేమంత కష్టం అనుకున్నాను.

మొదటి రోజే తెలిసింది, మనం మాట్లాడే పద్ధతికీ రేడియోకీ బొత్తిగా పడదని. మనకు ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఊఁ కొట్టడం అలవాటు. ఊఁ కొట్టకపోతే వింటున్నారో లేదో అని అనుమానం. రేడియోలో ఒకరు బటన్ నొక్కి మాట్లాడుతున్నంతసేపూ మిగతా అందరూ నోరు మూసుకోవాలి. నేను వాళ్ళ మాట పూర్తికాకముందే బటన్ నొక్కి "ఓకే, ఓకే" అనేదాన్ని. దాంతో వాళ్ళ మాటా పోయేది, నా మాటా పోయేది. నేను మాట్లాడేటప్పుడు అవతల చీమ చిటుక్కుమనేది కాదు. ఎవరూ లేని గదిలో ఒక్కదాన్నే మాట్లాడుతున్నట్టు ఉండి కంగారు పుట్టేది. ఆ కంగారులో చెప్పిందే మళ్ళీ చెప్పేదాన్ని.

లీడర్ విసుక్కోలేదు. జనం పలచగా ఉన్న ఒక మధ్యాహ్నం, ఒక వాకీటాకీ తీసుకుని కెఫెటేరియాకు వెళ్ళింది. కాసేపటికి రేడియోలో ఆమె గొంతు వినిపించింది. రేడియోలో ఆమె పేరు పెట్రోల్ వన్, నాది బేస్. "బేస్, పెట్రోల్ వన్. నీకు తాగడానికి ఏం తేవాలి?"

నేను బటన్ నొక్కుతూనే గబగబా చెప్పేశాను, టీ, పాలూ పంచదారా వేసి అని. ఆమె ఒక కప్పు తెచ్చి నా ముందు పెట్టింది. చూస్తే అందులో వేడి పాలూ పంచదారా తప్ప ఇంకేం లేదు.

"టీ ఏది?" అన్నాను.

"నాకు టీ అన్న మాట రాలేదుగా. పాలు, పంచదార అని వినిపించింది, తెచ్చాను." కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "బటన్ నొక్కగానే రేడియో లేవదు. దానికి ఒక్క క్షణం కావాలి. ఆ క్షణంలో నువ్వన్న మొదటి మాటను అది మింగేస్తుంది. కొండ మీద ఆ మొదటి మాట 'తల' అయి, రెండోమాట 'దెబ్బ' అయితే ఏమవుతుందో ఆలోచించు. నొక్కు, ఊపిరి తీసుకో, అప్పుడు మాట్లాడు."

ఆ పాలు తాగుతూ ఆ మధ్యాహ్నమంతా నేర్చుకున్నాను. పిలిచేవాళ్ళు ముందు ఎదుటివాళ్ళను పిలిచి తర్వాత తామెవరో చెప్పాలి. ఏం చెప్పాలో బటన్ నొక్కకముందే అనుకోవాలి. విన్నదాన్ని తిరిగి చెప్పాలి, అప్పుడే ఇద్దరికీ నమ్మకం. దెబ్బతిన్నవాళ్ళ పేరు రేడియోలో చెప్పకూడదు, ఎంతమంది వింటున్నారో తెలియదు. ఎడమ అన్నా కుడి అన్నా కొండ పైనుంచి కిందికి చూస్తున్నట్టుగానే లెక్క.

ఆ కొండకు బస్సు లేదు. శని, ఆదివారాల్లో నన్ను కార్లో తీసుకెళ్ళే ఆయన స్టీల్ ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతాడు. యాభై ఏళ్ళ పెద్దమనిషి, పెట్రోల్‌లో పాత వాలంటీరు. మాటలు తక్కువ, ఈల ఎక్కువ. దారిపొడవునా ఒకటే పాట ఈలవేస్తాడు, అదీ సగం వరకే. మా బేస్‌మెంట్ గుమ్మం దగ్గర ఆయన కారు ఆగినప్పుడల్లా నా రూమ్మేట్, రాజమండ్రి అమ్మాయి, ఆటపట్టించేది. "వెళ్ళమ్మా వెళ్ళు, నీ పోలీస్ జీపు వచ్చేసింది. వాకీటాకీ పట్టుకుని ఫొటో దిగి పంపవే, మా అమ్మకి చూపిస్తాను."

కొన్ని వారాలకు చేతికి పని అలవాటైంది. గాలి హోరులో కూడా ఎవరి గొంతు ఎవరిదో పోల్చుకునేదాన్ని. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుందని, విడి బ్యాటరీలను జాకెట్ లోపలి జేబులో పెట్టుకొమ్మని పొద్దున్నే నేనే అందరికీ గుర్తుచేసేదాన్ని.

అలాంటి ఒక శనివారం కాలేజీ పిల్లలు రెండు బస్సుల్లో వచ్చారు. కిటికీలోంచి చూస్తుంటే సగానికి సగం మనవాళ్ళే. జీన్స్ ప్యాంట్లు, క్రికెట్ ఆడటానికి వచ్చినంత ఉత్సాహం. స్కీలు వేసుకుని నిలబడలేక ఒకరినొకరు పట్టుకుని, అందరూ కలిసి పడి, పడినచోటే సెల్ఫీలు దిగుతున్నారు. నేను గదిలో ఒక్కదాన్నే కూర్చుని పకపకా నవ్వాను. ఇల్లు వదిలి వచ్చాక అంత నవ్వింది అప్పుడేనేమో.

మధ్యాహ్నం దాటాక సరస్సు వైపునుంచి గాలి లేచింది. చూస్తుండగానే మంచు అడ్డంగా కురవడం మొదలై, కిటికీలోంచి కొండ మాయమైంది. జనాన్ని తీగకు వేలాడే కుర్చీల్లో పైకి చేర్చే లిఫ్టులు ఆపేద్దామా అని కొండ పైనున్న మావాళ్ళు మాట్లాడుకుంటూ ఉండగానే ఫోన్ మోగింది. కొండ మీద బోర్డుల మీద రాసి ఉండే అత్యవసర నంబరు అది.

ఒక అబ్బాయి ఇంగ్లీషులో ఏదో చెబుతున్నాడు. పళ్ళు టకటకలాడుతూ సగం మాటలు మింగేస్తున్నాడు. ఫ్రెండ్, ఫాల్, లెగ్, ఈ మూడే అర్థమయ్యాయి. వెనక ఎవరో మూలుగుతున్నారు. ఈ అబ్బాయి ఫోన్ పక్కకు తీసి "అరే, లెవ్వకురా, ఆగు" అనడం వినిపించింది.

"తమ్ముడూ, నేను తెలుగే," అన్నాను. "ఇప్పుడు తెలుగులో చెప్పు."

వెంటనే ఇంగ్లీషు వదిలేశాడు. "అక్కా, మావోడు పడ్డడక్కా. చెట్లల్లకు పోయిండు. కాలు తిరిగిపోయింది, లేస్తలేడు. ఏం కనిపిస్తలేదక్కా ఈడ."

"భయపడాకు. నేనున్నా. స్పృహలో ఉన్నాడా?"

"ఉన్నడు. మాట్లాడుతుండు."

"తలకు దెబ్బ తగిలిందా? హెల్మెట్ ఉందా?"

"ఉంది. తలకేం కాలే. మోకాలు కింద అక్కా."

"హెల్మెట్ తీయొద్దు. కాలు కదిలించొద్దు. నీకు పైన లిఫ్టు తీగలు కనిపిస్తున్నాయా? స్తంభాల మీద నంబర్లుంటాయి చూడు."

కాసేపు గాలి హోరు. "తొమ్మిది అక్కా! పసుపు బోర్డు మీద తొమ్మిది."

"ఆ స్తంభానికి ఏ పక్కన పడ్డాడు?"

"ఎడమ పక్కన."

"నీ మొహం కొండ కిందికి ఉందా, పైకా?"

"పైకి... పైకి ఉంది."

అంటే అది కుడి. పటం మీద వేలు పెట్టుకుని, రెండో చేత్తో రేడియో బటన్ నొక్కబోయాను. అప్పటికే రేడియో మోగుతోంది. అందులో మాటల్లేవు. గాలి, బట్టల రాపిడి, దాని మధ్యలో సన్నగా ఒక ఈల. సగం వరకు వచ్చి ఆగి, మళ్ళీ మొదటినుంచి మొదలయ్యే ఆ పాట నాకు బాగా తెలుసు.

నన్ను కార్లో తీసుకొచ్చే పెద్దాయన రేడియో బటన్ ఏ పట్టీ కిందో నొక్కుకుపోయింది. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆయన బటన్ వదిలేదాకా ఆ ఛానెల్‌లో ఇంకెవరి మాటా బయటికి రాదు. ఆయన ఈల కొండంతా వినిపిస్తోంది. చెట్లలో ఒక పిల్లవాడు పడి ఉన్నాడని చెప్పడానికి నాకు మాత్రం సందు లేదు.

ఇలాంటప్పుడు అందరూ రెండో ఛానెల్‌కు మారాలని నియమం ఉంది. నేను మారి పిలిచాను. జవాబు లేదు. మళ్ళీ పిలిచాను. ఆ మంచులో గ్లవ్స్ తీసి ఛానెల్ మార్చాలని ఎవరికీ ఇంకా తట్టినట్టు లేదు. పక్కన రెండో ఫోన్ కనిపించింది. అది లిఫ్టుల పైగదులకు తీగ వేసి కలిపిన మామూలు ఫోన్. పైన లిఫ్టు నడిపే అతను ఎత్తాడు.

"మీ దగ్గర ఎర్ర జాకెట్ ఎవరున్నా తలుపు తీసి చెప్పండి, రెండో ఛానెల్‌కు రమ్మని. ఇప్పుడే." ఇంకో లిఫ్టు గదికీ చేసి అదే మాట చెప్పాను.

"అక్కా, ఉన్నరా?" మొదటి ఫోన్‌లో అబ్బాయి.

"ఉన్నా తమ్ముడూ. మీ స్కీలు తీసి, వాడికి కాస్త పైన మంచులో ఇంటూ గుర్తులా గుచ్చు. పైనుంచి వచ్చేవాళ్ళు మీ మీద పడకుండా. మా వాళ్ళకూ ఆనవాలుగా ఉంటుంది. బూటు లోపల వేళ్ళు కదుపుతాడేమో అడుగు."

"కదుపుతుండక్కా. నొస్తుందట కని కదులుతున్నయి."

ఊపిరి వదిలాను. సరిగ్గా అప్పుడే రేడియో పలికింది. "బేస్, పెట్రోల్ వన్. రెండో ఛానెల్‌లో ఉన్నాను. చెప్పు." లీడర్ గొంతు.

నొక్కాను. ఊపిరి తీసుకున్నాను. చెప్పాల్సింది మనసులో ఒకసారి అనుకున్నాను. "పెట్రోల్ వన్, బేస్. తొమ్మిదో స్తంభం, కుడివైపు చెట్లలో. యువకుడు, స్పృహలో ఉన్నాడు. మోకాలి కింద విరిగినట్టుంది. వేళ్ళు కదులుతున్నాయి. స్లెడ్జి కావాలి."

ఆమె మాట పొల్లుపోకుండా తిరిగి చెప్పింది. సరిపోయిందన్నాను. తర్వాత ఒక్కొక్కరే రెండో ఛానెల్‌లోకి రావడం మొదలుపెట్టారు. స్లెడ్జి తెస్తున్నానని ఒకరు, దారి మూసేస్తున్నానని ఒకరు. అంబులెన్సుకు నా సెల్‌ఫోన్ నుంచి చేశాను. ఒక చెవిలో ఇంగ్లీషు, ఒక చెవిలో తెలుగు. "ఎర్రజాకెట్ వస్తుంది అక్కా, కనబడుతుంది!" అని ఆ అబ్బాయి అరిచినప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అయితే పని అంతటితో అవలేదు. కాసేపటికి లీడర్ మళ్ళీ పిలిచింది. "బేస్, పెట్రోల్ వన్. ఇతను నొప్పికి బిగుసుకుపోయాడు. నేను చెప్పేది ఎక్కడం లేదు. ముట్టుకోనివ్వడం లేదు. రేడియో అతని చెవి దగ్గర పెడుతున్నాను. కాలు కొంచెం సరిచేసి కట్టు కట్టబోతున్నామని మీ భాషలో చెప్పు. దాచొద్దు, నొప్పి ఉంటుందని కూడా చెప్పు."

అన్ని రేడియోలూ వింటున్నాయి. ఆ కొండ మీద అదివరకు ఎవరూ రేడియోలో తెలుగు మాట్లాడి ఉండరు.

"తమ్ముడూ, నేను కింద ఆఫీసు నుంచి మాట్లాడుతుండా. నీ పక్కనున్నామె పెద్ద నర్సు. కాలు కొంచెం సరిచేసి, కదలకుండా కట్టు కడతారు. ఆ కాసేపు బాగా నొప్పి పుడతాది. అరవాలనిపిస్తే అరువు, కదలాకు మాత్రం. సరేనా?"

బటన్ వదిలి ఎదురుచూశాను. లీడర్ అతనికోసం బటన్ నొక్కి పట్టుకున్నట్టుంది. వణుకుతున్న గొంతు వచ్చింది. శ్రీకాకుళం వైపు మాట.

"అక్కా... కాలు తీసేత్తారేటి?"

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. బటన్ నొక్కేలోపు రెండూ మింగాను. "లేదు నాయనా, ఎవురూ తీయరు. ఎముక అతుక్కుంటాది. ఎముకల ఆస్పత్రిలో పనిచేసినదాన్ని, నా మాట నమ్ము."

"నమ్ముతున్నానక్కా. కట్టమనండి."

ఆ తర్వాత ఒక అరుపు రేడియోలో కాదు, కిటికీ అవతలినుంచే వినిపించింది. ఆ వెంటనే లీడర్, "అయిపోయింది. కిందికి తెస్తున్నాం."

స్లెడ్జి వచ్చేసరికి నేను గుమ్మంలో ఉన్నాను. దుప్పట్లలో మొహం మాత్రం కనిపిస్తోంది, చిన్నపిల్లాడి మొహం. పక్కనే ఫోన్ చేసిన అబ్బాయి, తన జాకెట్ స్నేహితుడికి కప్పి, పెట్రోలర్ జాకెట్ తొడుక్కుని ఉన్నాడు. పడుకున్నతను నన్ను చూసి, "మీరేనా అక్కా?" అన్నాడు. నేనే అన్నాను. అంబులెన్సు తలుపు మూసేదాకా నా చెయ్యి వదల్లేదు.

సాయంత్రం అందరూ బేస్‌లో చేరారు. పెద్దాయనకు సంగతి తెలిసి కుర్చీలో కూలబడ్డాడు. మెడదాకా ఎర్రబడ్డాడు. వీపు సంచి పట్టీ రేడియో మీదుగా బిగించుకున్నాడట. లీడర్ ఒక్క మాట కూడా అనలేదు. అందరినీ లేపి నిలబెట్టి, సంచులు తగిలించుకోమని, ఎవరి పట్టీ ఎక్కడ పడుతోందో ఒక్కొక్కరినీ చూసింది. గ్లవ్స్‌తోనే, కళ్ళు మూసుకుని, రెండో ఛానెల్‌కు మార్చడం అందరిచేతా చేయించింది. చివరికి ఎవరో ఆ పాట రెండో సగం ఏమిటని పెద్దాయనను అడిగారు. తనకు రాదన్నాడు. గది గదంతా నవ్వింది, ఆయనతో సహా.

అందరూ వెళ్ళాక లీడర్ నా పక్కన కూర్చుంది. "లిఫ్టు ఫోన్ వాడమని నేను నీకు చెప్పానా?"

"లేదు."

"చెప్పాల్సింది. ఇకనుంచి చెబుతాను." బూట్లు విప్పుకుంటూ, ఏదో మామూలు సంగతిలా అడిగింది. "అయితే ఆ ఫిజియోథెరపీ పరీక్షలు ఎప్పుడు రాస్తున్నావు?"

భయమని చెప్పాను. చదివింది గుర్తుందా లేదా, రోగి ముందు ఇంగ్లీషులో తడబడతానేమో, ఇంకా ఏవేవో. ఆమె విని, "ఇవాళ నువ్వు చేసింది అదే పరీక్ష," అంది. ఆ తర్వాతి వారం నుంచి జనం లేని సాయంత్రాలు ఆమె రోగిలా బల్ల మీద పడుకుని మోకాలు నొప్పి, నడుం నొప్పి అంటూ మూలిగేది. నేను ప్రశ్నలు అడగాలి. అవసరానికి మించి మూలిగేదని నా అనుమానం.

ఫోన్ చేసిన అబ్బాయి ఒక ఆదివారం బిర్యానీ డబ్బా పట్టుకుని బేస్‌కు వచ్చాడు. సిద్దిపేట వాడు. "అక్కా, ఆ ప్రశ్నలన్నీ ఎక్కడ నేర్చుకున్నరు? నాకైతే చేతులు కాళ్ళు ఆడలే," అన్నాడు. ప్రథమ చికిత్స కోర్సు గురించి చెప్పాను. వేసవిలో ఇద్దరం కలిసే చేశాం. అతను అక్కడితో ఆగలేదు. ఇప్పుడు అంబులెన్సులో పనిచేయడానికి చదువుతున్నాడు.

నేను మరుసటి చలికాలం స్కీయింగ్ నేర్చుకున్నాను. చిన్నపిల్లల వాలు మీద, అయిదేళ్ళ పిల్లలు పక్కనుంచి దూసుకుపోతుంటే, వందలసార్లు పడ్డాను. పరీక్ష ఒకసారి తప్పి రెండోసారి పాసయ్యాను. హామిల్టన్‌లోనే ఒక ఆస్పత్రిలో, విరిగిన ఎముకలు అతుక్కున్నాక మళ్ళీ నడవడం నేర్పే విభాగంలో పనికి కుదిరాను. శనివారాలు మాత్రం కొండకే. ఎర్ర జాకెట్ నాకూ వచ్చింది.

కాలు విరిగిన అబ్బాయికి ఎముక బాగానే అతుక్కుంది. చదువు ముగించి విండ్సర్‌లో కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగంలో చేరాడు. కొండ దగ్గరికి మాత్రం మళ్ళీ రాలేదు. పోయిన చలికాలం ఉన్నట్టుండి ఫోన్ చేశాడు.

"అక్కా, ఆ కొండ నాకు కల్లోకొచ్చేత్తంది. ఓపాలి మీతో ఎక్కి దిగితే పోద్దేమో."

రమ్మన్నాను. వారాంతాల్లో వచ్చేవాడు. కొన్ని వారాలు చిన్న వాలు మీద నేర్పించాక, ఎండగా ఉన్న రోజు చూసుకుని లిఫ్టులో ఇద్దరం పక్కపక్కన కూర్చుని పైకి వెళ్ళాం. తొమ్మిదో స్తంభం దాటుతున్నప్పుడు అటు చూడకుండా నా చెయ్యి పట్టుకున్నాడు. పైన దిగాక చాలాసేపు కదల్లేదు. దూరంగా సరస్సు, దాని ఒడ్డున స్టీల్ ఫ్యాక్టరీ పొగలు, ఊరంతా తెల్లగా. నేను తొందరపెట్టలేదు.

తర్వాత తనే బయల్దేరాడు. స్కీల ముందుకొసలు దగ్గరికి చేర్చి, వేగం ఆపుకుంటూ, వాలుకు అడ్డంగా ఈ చివరినుంచి ఆ చివరికి మెల్లగా దిగాడు. నేను కొంచెం వెనగ్గా వెళ్ళాను. ఒక్కసారి కూడా పడలేదు. కింద ఆగి వెనక్కి తిరిగి కొండను ఆపాదమస్తకం చూశాడు. చలికి ఎర్రబడ్డ మొహంలో కళ్ళు మెరుస్తున్నాయి.

"ఇంకోపాలి ఎల్దామేటక్కా?" అన్నాడు.

లిఫ్టు మూసేయడానికి ఇంకా చాలా టైముంది. పద అన్నాను.